మేనమామ కట్టిన రుమాలు

మా ఆయన సోమయాజులు గారు యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మనిషి పన్నెండో ఏటి నుంచి పోయేదాకా లోలోపల ఎలా మారుతూ వస్తాడన్నది ఆయన పాఠం. మీసాలు రాని వయసు గురించి చెప్పమంటే ఆయనకి ఒళ్లు తెలిసేది కాదు. ఆ వయసులో పిల్లవాడు పూటకో మనిషిగా ఉండి చూసుకుంటాడనీ, వాడికి తిక్క పుట్టిందంటే సరిగ్గా ఎదుగుతున్నట్టేననీ అనేవారు. నడివయసుకి వచ్చేసరికి ఉత్సాహం తగ్గేది. ముసలితనం దగ్గరికి వచ్చేసరికి ఏడాది అయిపోయేది. "ఆ ఒక్క అధ్యాయం ఇంటి దగ్గర చదువుకోండి" అని క్లాసులో చెప్పి వచ్చేసేవారు. ప్రతి ఏడూ ఇదే వరస. ఆయన రిటైర్మెంటు దగ్గర పడుతోంది మరి. ఆ పాఠం ఎందుకు మిగిలిపోతోందో నాకు తెలుసు, అడిగి ఏడిపించేదాన్ని.

మాది రాజమండ్రి వైపు. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లల్లేరు. పెరటి వైపున్న రెండు గదుల్లో రాజలింగు కుటుంబం ఉండేది. రాజలింగు యూనివర్సిటీలో తోటమాలి. భార్య అమృతమ్మ కూడా ఆ తోటల్లోకే రోజుకూలీకి కలుపు తీయడానికి వెళ్లేది. జనగామ పక్కన ఊళ్లో సేద్యం సాగక వచ్చినవాళ్లు. కొడుకు వెంకటనర్సయ్య పీయూసీ, కూతురు బాలలక్ష్మి తొమ్మిదో తరగతి.

నాకు పదకొండో ఏట పెళ్లయింది, పధ్నాలుగో ఏట కాపురానికి వచ్చాను. మా ఆయన అంత గొప్పగా చెప్పే ఆ వయసు నా జీవితంలో లేదు. అదెలా ఉంటుందో నర్సయ్యని చూసి తెలుసుకున్నాను. ఒక నెల్లాళ్లు వాడు కవి. జుట్టు కళ్ల మీద పడేసుకుని మా మెట్ల మీద కూర్చుని ఆకాశం చూసేవాడు. మరు నెల పహిల్వాను. నల్లకుంటలో ఎక్కడో కుస్తీలు నేర్పే తాలింఖానాకి పోయి ఒళ్లంతా మట్టి చేసుకుని వచ్చేవాడు. తర్వాత కొన్నాళ్లు దేవుడే లేడన్నాడు. అది నయమయ్యాక హనుమంతుడి గుడికి శనివారం శనివారం వెళ్లాడు. అందరినీ అనుకరించేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని మా ఆయన నడిచినట్టు నడిస్తే, మా ఆయనే కిటికీలోంచి చూసి నవ్వారు. వాళ్ల నాన్న దగ్గు వాడికి మరీ బాగా వచ్చేది. మూడుసార్లు పొడిగా దగ్గి, గొంతు సవరించి, "ఏందిరా" అనేవాడు. పడీ పడీ నవ్వేవాడు రాజలింగే.

అరవై ఎనిమిదో సంవత్సరం మార్చిలో రాజలింగుకి కామెర్లు వచ్చాయి. ఆకుపసరు తాగించారు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లారు, మనిషి మాత్రం దక్కలేదు. అమృతమ్మ నేల మీద పడి తల బాదుకుంటోంది. చుట్టాల్లో ఎవరో నర్సయ్య భుజం పట్టుకుని, "నువ్వు ఏడిస్తె ఆమెనెవరు పట్టాలె? మొగోనివి గట్టిగుండాలె" అన్నారు. వాడు ఏడవలేదు. నిప్పు పెట్టి వచ్చి కూడా ఏడవలేదు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

పదకొండో నాడు వాడి మేనమామ ఇన్నయ్య మౌలాలి నుంచి కొత్త రుమాలు తెచ్చాడు. ఆయన అక్కడి గుట్టల్లో రాయి కొట్టే మనిషి, అమృతమ్మకి పెదనాన్న కొడుకు, వరసకి అన్న. వాళ్లలో తండ్రి పోయిన ఇంట పెద్దకొడుకు తలకి మేనమామ రుమాలు కడతాడు. ఆ కట్టుతో వాడు ఇంటికి పెద్ద. పదిహేడేళ్లవాడైనా సరే, ఏడేళ్లవాడైనా సరే. గుండు చేయించిన తల మీద ఇన్నయ్య ఆ తెల్లటి రుమాలు చుట్టుతుంటే నర్సయ్య కళ్లు మూసుకున్నాడు. అమృతమ్మ తలుపు వెనక ఉంది. ఆ వేళ ఆమె ముఖం కొడుకు చూడకూడదట. నేను గోడ పక్క నిలబడి చూశాను.

అంతా అయ్యాక ఇన్నయ్య మా వరండాలో కూర్చుని టీ తాగాడు. మనిషి అరవై దాటి ఉంటాడు.

"చిన్నపిల్లాడు కదా, అంత బరువు ఇప్పుడే పెట్టాలా ఇన్నయ్యా?" అన్నాను.

"నాకు పన్నెండేండ్లకే కట్టిన్రమ్మా" అన్నాడు. "రుమాలు కండ్ల మీదికి జారుతుండె. అప్పుడు నా జేబుల గోలీలున్నయి. రుమాలు కట్టుకున్నోడు గోలీలాడుతడా? సేను పక్క సెలకల పారేసి ఇంటికొచ్చిన."

"ఏడ్చావా?"

"ఎందుకేడుస్త? పెద్దోన్ని గద."

టీ గ్లాసు పెట్టేసి బయల్దేరాడు. మా సందు చివర పిల్లలు గోలీలాడుతున్నారు. ఇన్నయ్య వాళ్ల దగ్గర ఆగాడు. చాలాసేపు వంగి చూస్తూ నిలబడ్డాడు. ఒక పిల్లవాడు తలెత్తి చూసేసరికి, "సదువుకోపోన్రి, ఏం పని లేదా" అని గట్టిగా కసిరి వెళ్లిపోయాడు. ఆ పెద్దమనిషిని చూస్తే నాకు జాలేసింది.

రుమాలు తల మీదికి వచ్చాక నర్సయ్య మారాడు. మొదట ఇల్లు మారింది, తర్వాత వాడు మారాడు అంటే సరిగ్గా ఉంటుంది. వాడు లోపలికి వస్తే అమృతమ్మ లేచి నిలబడేది. అంతకుముందు "నర్సిగా" అని సందు చివరిదాకా వినబడేలా పిలిచే మనిషి, ఇప్పుడు కొంగు నెత్తిన కప్పుకుని "అయ్యా, బువ్వ తింటవా" అనేది. రాజలింగు కూర్చునే నులక మంచం మీద వాడిని కూర్చోబెట్టారు. ఇరుగుపొరుగు తగాదాలకు కూడా "మీ పెద్దోన్ని పిలువు" అనడం మొదలుపెట్టారు. వాడికి అది రుచించింది. ఎందుకు రుచించదు? నిన్నటిదాకా పరీక్ష తప్పుతాడేమోనని అందరూ తిట్టే పిల్లాడు, ఇవాళ ముసలివాళ్లు లేచి చోటిస్తుంటే ఎవరికి చేదు? ఏప్రిల్లో పరీక్ష రాయలేదు. ఎందుకు రాయలేదురా అని అడిగినవాళ్లూ లేరు, నేను తప్ప.

ఒక సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే గోడ అవతల రాజలింగు దగ్గాడు. మూడుసార్లు పొడిగా దగ్గి, గొంతు సవరించుకున్నాడు. చేతిలో బట్టలు కింద పడేశాను. గోడ మీదుగా చూస్తే మంచం మీద నర్సయ్య. వాడు ఎవరినీ నవ్వించడం లేదు. అక్కడ ఒక్కడే ఉన్నాడు. రాయిలాంటి ఆరోగ్యం వాడిది, దగ్గు ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆ రోజు నుంచి దగ్గుతూనే ఉన్నాడు.

మా ఆయన చేసిన పని ఇంకోటి. ఒకనాడు యూనివర్సిటీ నుంచి వచ్చి సంతోషంగా, "నర్సయ్యకి వాళ్ల నాన్న ఉద్యోగం ఇప్పించమని ఆఫీసులో మాట్లాడి వచ్చాను, శ్యామలా. ఒప్పుకున్నట్టే. జూలై ఒకటిన చేరొచ్చు" అన్నారు.

"వాడి చదువు?"

"ఇల్లు గడవాలి కదా."

"పిల్లవాడిని ఆ వయసులో ఎదగనివ్వాలని ఇన్నేళ్ల నుంచి మీరు క్లాసులో చెబుతున్నదేమిటి, ఇప్పుడు చేసి వచ్చిందేమిటి?"

"క్లాసు వేరు శ్యామలా" అన్నారు, చొక్కా విప్పుకుంటూ.

మంచికే చేశారు, నేను కాదనను. కానీ నా ఒళ్లు మండిపోయింది. ఆ పూట ఆయనకి మజ్జిగ అడిగినా పోయలేదు.

జూన్‌లో బళ్లు తెరిచారు. బాలలక్ష్మి సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అన్న వద్దన్నాడట. నేను ఉండబట్టలేక వెళ్లాను.

"ఏరా నర్సయ్యా, దాన్ని బడికి ఎందుకు ఆపావు?"

"మా ఇంటి సంగతి మేం చూసుకుంటమమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. తల కొంచెం వంచి, రాజలింగు మాట్లాడినట్టే మర్యాదగా అన్నాడు. మూడు నెలల క్రితం దాకా నా వంటింట్లోకి దూరి అప్పడాలు ఎత్తుకుపోయిన పిల్లాడు.

ఇంట్లోకి వచ్చి ఏడ్చాను. "తండ్రే పోయాడనుకున్నాను, పిల్లాడు కూడా పోయాడండీ" అన్నాను మా ఆయనతో.

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, "వాడు వాళ్ల నాన్నని పోనివ్వలేదు శ్యామలా" అన్నారు. "ఏడిస్తే పోయినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేక తనే ఆయనై కూర్చున్నాడు. ఇది ఇలాగే గట్టిపడితే యాభై ఏళ్లొచ్చినా వాడు వాడు కాడు."

"మరి ఆ మాట వాడికే చెప్పండి."

"చెబితే వినే వయసు కాదు."

"ఏ వయసండీ? పదిహేడా, యాభయ్యా?"

ఆయన మళ్లీ పుస్తకం అందుకున్నారు. నేను వెళ్లి చెప్పలేను. వాళ్ల ఇంటి మనిషిని కాను, మేనమామ కట్టిన రుమాలుని కాదనడానికి నేనెవరిని?

జూన్ నెలాఖరున ఇన్నయ్య ఒక సంబంధం తెచ్చాడు. అంబర్‌పేటలో పాల వ్యాపారం చేసే ఇల్లు. కుర్రాడికి ముప్పై దాటాయి, మొదటి భార్య పురిట్లో పోయింది. వాళ్లకి ఇంట్లో పని చేసుకునే పిల్ల కావాలి. నర్సయ్య రెండో మాట లేకుండా సరే అన్నాడు. ఇంటి పెద్దగా వాడు చేయబోయే మొదటి శుభకార్యం అది. ఆదివారం పొద్దున్న తాంబూలాలు మార్చుకుంటారు, ఆ మర్నాడు వాడు ఉద్యోగంలో చేరతాడు. ఆదివారం తాంబూలం చేతులు మారితే బాలలక్ష్మి బడి అంతటితో సరి. సోమవారం వాడు పార పట్టుకుంటే వాడి చదువూ అంతే. ఇద్దరు పిల్లల బతుకు రెండు రోజుల్లో తేలిపోతుంది.

చదువుకున్న పెద్దమనిషి పక్కన ఉంటే బాగుంటుందని మా ఆయన్ని పిలిచారు. అరుగు మీద పరిచిన చాప మీద అంబర్‌పేట వాళ్లు నలుగురు, ఇన్నయ్య, ఒక పక్కన ఇబ్బందిగా మా ఆయన. నులక మంచం మీద రుమాలు కట్టుకుని నర్సయ్య. నేను లోపల ఆడవాళ్లతో ఉన్నాను. ఆడవాళ్లంటే అమృతమ్మ, బాలలక్ష్మి. నా చీరే ఒకటి ఆ పిల్లకి కట్టారు. అది ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి గోడకి ఆనుకుని ఉంది.

"నువ్వైనా నోరు విప్పవేం అమృతమ్మా? కన్నదానివి కాదూ?" అన్నాను. నా గొంతు అరుగు మీదికి వినబడుతుందన్న భయం కూడా పోయింది నాకు.

"ఆడు పెద్దోడమ్మా. ముండమోసిన దాన్ని, నేనేం జెప్పాలె" అంది నేల చూస్తూ.

బయట ఎవరో పళ్లెం అడిగారు. నర్సయ్య దగ్గాడు. మూడుసార్లు దగ్గి, గొంతు సవరించి, "పిల్లను తీసుకరాన్రి" అన్నాడు.

అమృతమ్మ తలెత్తింది. ఆ గొంతు వింటూ పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి. ఏమనుకుందో తెలియదు, లేచి కొంగు నడుముకి దోపుకుని గడప దాటి వాళ్ల ముందుకు వెళ్లిపోయింది. అలాంటి వేళ ఆమె అసలు ఎదురు రాకూడదు. అంబర్‌పేట వాళ్లలో పెద్దాయన ముఖం తిప్పుకున్నాడు.

"పిల్లనిచ్చేది లేదు" అంది అమృతమ్మ. "అది సదువుకుంటది. మీరు వేరే జూసుకోన్రి, ఏమనుకోకున్రి."

ఇన్నయ్య లేవబోయాడు. అంతలో నర్సయ్యే మంచం దిగాడు. "ఏయ్, నడుమల నీకేంది? లోపలికి నడువ్" అన్నాడు. ఆ మాటా రాజలింగుదే.

"నేను నడువ."

వాడి చెయ్యి పైకి లేచింది.

రాజలింగు మంచివాడే. నవ్వేవాడు, నవ్వించేవాడు. కానీ కల్లు తాగి వచ్చిన రోజుల్లో గోడ ఇవతల నాకు వినబడిన చప్పుళ్లు నేను మరిచిపోలేదు. అలాంటప్పుడు తల్లికి అడ్డం వచ్చి వీపు మీద దెబ్బలు కాచుకున్నది ఈ పిల్లాడే.

అమృతమ్మ వెనక్కి జరగలేదు. ముఖం కూడా తిప్పుకోలేదు. "కొట్టు" అంది మెల్లగా. "దగ్గు నేర్చినవ్. మాట నేర్చినవ్. ఇగ గిదొక్కటే మిగిలింది. ఇది గూడ నేర్చుకుంటే మీ నాయిన అయిపోతవ్."

వాడి చెయ్యి అలాగే ఉండిపోయింది. తన చేతిని తనే చూశాడు, అది ఎవరిదో తెలియనట్టు. అప్పుడు అమృతమ్మ వాడి తల మీది రుమాలు పట్టుకుని చుట్టు చుట్టు విప్పింది. కింద వెంట్రుకలు పొట్టిపొట్టిగా, నిక్కపొడుచుకుని మొలిచి ఉన్నాయి. ఆ తల చూస్తే పదిహేడేళ్లు కూడా ఉన్నట్టు లేదు.

"సెల్లే, తప్పు జేస్తున్నవ్" అన్నాడు ఇన్నయ్య. "మేనమామ కట్టింది ఇప్పరాదు."

"నువ్వు ఇంటి పెద్దకు కట్టిన అనుకున్నవన్నా. నువ్వు కట్టింది నా కొడుకు తలకు." ఆమె గొంతు అప్పుడు పెరిగింది. "నిన్ను నేను సూడలేదా? గోలీలాడే పోరగాండ్ల కాడ నిలబడి నిలబడి వస్తవు. అరవై ఏండ్లొచ్చినా నీ పానం ఆ సెలకలనే ఉన్నది. నా కొడుకును గట్ల కానియ్య. ఇంటికి పెద్దను నేనున్న."

ఇన్నయ్య కూర్చుండిపోయాడు. అంబర్‌పేట వాళ్లు అపశకునమైందని గొణుక్కుంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. లోపల బాలలక్ష్మి నన్ను గట్టిగా పట్టుకుంది.

అమృతమ్మ మా ఆయన వైపు తిరిగింది. "సార్, ఆ నౌకరి నాకియ్యమని అడగన్రి. ఇన్నేండ్ల సంది ఆ చెట్ల కిందనే కలుపు దీస్తున్న. నీళ్లు పెట్టుడు నాకు రాదా?"

మా ఆయన ముఖం పాలిపోయింది. ఆ మాట ఆయనకి తట్టలేదు, ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. మొగుడు పోయిన ఇంట్లో కొడుకు ఎక్కడున్నాడని వెతికామే తప్ప, ఎదురుగా పని చేస్తున్న మనిషిని ఎవ్వరం అడగలేదు. "రేపే అడుగుతాను అమృతమ్మా" అన్నారాయన. అడిగారు కూడా. కాళ్లరిగేలా తిరిగి, ఆగస్టులో ఆమెకి ఇప్పించారు. నర్సయ్య మళ్లీ పరీక్షకి కట్టాడు.

అవన్నీ తర్వాత. అప్పటికి మాత్రం వాడు అరుగు మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు. మంచం మీద కూర్చోవడానికి లేదు, వీధిలోకి పోవడానికి లేదు. బోసి తలని రెండు చేతులతో కప్పుకున్నాడు. ముందు కోపం వచ్చింది వాడికి, దవడలు బిగించాడు. తల్లి మీద ఏదో అరవడానికి నోరు తెరిచాడు. దగ్గు రాలేదు, తండ్రి గొంతు రాలేదు. ఏదో సన్నటి, పగిలిన గొంతు వచ్చింది.

"నాయిన..." అన్నాడు. "అమ్మా, నాయిన లేడే."

మోకాళ్ల మీద పడిపోయాడు. ఆ ఏడుపు నేనెప్పుడూ వినలేదు. ఇన్నయ్య తల వంచుకుని భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అమృతమ్మ కింద కూర్చుని కొడుకు తలని ఒళ్లోకి లాక్కుంది.

"ఏడువు బిడ్డా, ఏడువు" అంది. "మీ నాయిన ఇయ్యాల్నే పోయిండనుకో."